తీపు

సల్మాబాద్ గ్యారేజీల వెనక, ఆగస్టు నెల,
రెండు టన్నుల ఔట్‌డోర్ యూనిట్ మీదికి గుంజుతుంటే
తాడు జారలే, నేనే జారిన.
ఎన్నుపూసల రెండు పలిగినయ్.
అతుకుబెట్టినంక గూడ ఎడమకాలు
రాత్రిపూట నన్ను నిద్రకు ఇయ్యలే.

నడుం పక్కపొంటి తోలు కింద ఒక డబ్బి పెట్టిండ్రు,
అగ్గిపెట్టెకంటె జర పెద్దది.
రెండు సన్న తీగలు నరాల కాడికి.
కరెంటు పని నాకు కొత్తగాదు,
నా లోపటి కరెంటు కొత్త.

మొదటేడంత నెలకోసారి పోయేటోణ్ణి.
డాక్టర్ హుదా లాప్‌టాప్ మీద గీతలు జరిపేది:
ఇదెట్లుంది? ఇదెట్లుంది? ఒకటి నుంచి పదిల ఎంత?
నా తాన అంకెలు లెవ్వు, మాటలున్నయ్.
సలుపు. పోటు. జివ్వుమనుడు. సూదులు పొడిసినట్టు.
ఒకనాడు "తీపు పెడ్తుంది" అన్న.
ఫోన్ల తర్జుమా ఆమెకు "తియ్యగుంది" అని చెప్పింది.
సంబురపడి కరెంటు అట్లనే ఉంచింది.
ఆ నెలంత తియ్యగనే కుంటిన.

దగ్గితే షాకు.
వంగి చెప్పు తొడిగితే షాకు.
వెల్లకిల పంటె ఎక్కువ, నిలబడితె ఏం లేనట్టు.
థర్మోస్టాట్ లేని ఏసీ గింతే, అన్న ఆమెతోని,
గడ్డగట్టిస్తది, లేకుంటె ఉడకబెడ్తది.

ఇప్పుడు డబ్బి మారింది.
ఇది నన్ను అడుగది.
చిన్న దెబ్బ గొట్టి చెవి పెడ్తది,
నరం ఏమన్నదో ఇని
మళ్లొచ్చే దెబ్బ తగ్గిస్తది, పెంచుతది,
సెకనుకు ఎన్నిసార్లో,
బావిల రాయేసి నీళ్ల లోతు ఇన్నట్టు.
నరానికి తర్జుమా పనిలేదు.

"సెన్సర్ యాడ బెడ్తరు?" అని అడిగిన ఆపరేషన్ ముంగట.
ఆమె నవ్వింది. నేను నవ్వలే.
రిఫాల ఒక విల్లా, కిటికి పక్కన సెన్సర్,
ఎండను జూసి ఇల్లంత వణికించింది,
ముసలామె దుప్పట్ల కూసోని నన్ను తిట్టింది.
యంత్రం తప్పు జెయ్యలే.
దానికి ఇనబడ్డదే అది ఇన్నది.

ఇప్పుడు షాపుల కూసోని బోర్డులు అతుకుతున్న.
నొప్పి పోయిందా అంటడు పోశెట్టి.
పోలే. పక్క రూమ్‌ల టీవి లెక్క,
తలుపేసి ఉన్నది.

శుక్రవారం, అందరు బట్టలు ఉతుకుతున్నప్పుడు,
రిమోట్ దీసి ఒక్కసారి బంద్ చేస్త.
ఎందుకో నాకే ఎరుకలేదు.
తొడ నుంచి మడిమె దాక మెల్లగ వస్తది,
తీపు, అసలు తీపు.
ఉన్నవా? అంట.
ఉన్న, అంటది కాలు, మన భాషల.
రెండు నిమిషాలు.
మళ్ల ఆన్.