నాలుగేసి అడుగులు

మా క్లబ్బులో పదకొండు మందిమి,
మంచుచెప్పుల జత ఒక్కటే.

క్యూబెక్ నుంచి వచ్చిన లూక్ సారు
కాంట్రాక్టు అయిపోయి వెళ్తూ వెళ్తూ
షైజు వ్యాన్ వెనక సీట్లో పడేసి పోయాడు.
మొదటిసారి చూసి నేను
చేపల బుట్టకు మూత అనుకున్నాను.
ఆస్పత్రి నర్సు రోవెనా
తీగలు వదులైన బ్యాట్ అనుకుంది.
"కాళ్లకు కట్టుకునేవి," అన్నాడు షైజు,
"బరువంతా ఒక్కచోట పడనీయవు,
చుట్టూ పరుస్తాయి. అందుకే మంచులో మునగం."

నాకు నవ్వొచ్చింది.
ముగ్గురి దగ్గర మూడు ముక్కలుగా అప్పు తెచ్చి
తొమ్మిదేళ్లుగా నేను చేస్తున్నదీ అదే.

వారమంతా రస్ అల్ ఖైమా క్వారీలో
కొండను కంకర చేస్తాను.
పొద్దున్నే క్రషర్ నోట్లో పోసిన బండలు
సాయంత్రానికి నా కనురెప్పల మీద పిండి.
సెలవునాడు మళ్లీ ఆ కొండలే ఎక్కుతాను.
"పలగ్గొట్టినోడివి, ఏ మొఖం పెట్టుకోని పోతవ్ రా?"
అంటాడు పై మంచం ఆశన్న.
జవాబు లేదు. బూట్ల లేసులు బిగిస్తాను.

డిసెంబరు, జనవరి, ఇంకొన్ని రోజులు,
ఇక్కడ నడవనిచ్చే కాలం అంతే.
ఆ చెప్పులు ప్రతిసారీ మాతో వచ్చేవి
ఎవరో ఒకరి సంచికి వేలాడుతూ,
పెళ్లిలో పనిలేని పెద్దమనిషిలా.
ఒకసారి ఇసుకలో వేసి చూశాం.
బిజిలీ చెల్లెలి కొడుకు మూడడుగులకే బోర్లాపడ్డాడు.

ఆ రాత్రి రెండున్నరకు ఫోను మోగింది.
"జైస్ మీద పడింది," షైజు గొంతు,
అంతే, ఇంకేం చెప్పలేదు.
పైకి పోయే రోడ్డు పోలీసులు మూసేశారు.
మేకల సుహైల్ తాత తన దారి చూపించాడు,
టార్చి వెలుగులో
ముందు ఆయన చెప్పుల మడమలు,
వెనక మా ఊపిరి, తెల్లగా, మొదటిసారి నాకు కనబడేలా.

తెల్లారేసరికి పైన ఉన్నాం.
మంచు కాదు.
రెండు బండల మధ్య, నీడ పట్టున,
నాలుగు చాపలంత మేర
పరుచుకుని ఉన్న తెలుపు.
తాత ఒక గుప్పెడు తీసి చూపించాడు: "బరద్."

రాళ్లు.
నాకు ఆ మాట అరబ్బీలో చెప్పక్కర్లేదు.

మెట్‌పల్లి అవతల, నేనూ ఆశన్నా కలిసి
గుత్తకు పట్టిన మామిడితోట.
పిందె గోలీకాయంత అయ్యింది.
ఇరవై నిమిషాలు పడ్డది రాళ్లవాన.
ఆగినాక తోటలోకి పోతే
కాలు ఎక్కడ పెట్టినా
కిందొక రాయి, దాని పక్కన ఒక పిందె.
పటపటమని ఆ చప్పుడు.
ఎక్కడా నేల కనబడలేదు.

ఇక్కడ జనం దానికోసం
రాత్రి నిద్ర మానుకుని వస్తారు.
రోవెనా ఏడుస్తూ వీడియో తీస్తోంది,
ఆవిడా ఎప్పుడూ చూడలేదట.
షైజు నాకన్నా చిన్నపిల్లాడైపోయాడు.

మనిషికి నాలుగడుగులు, అని ఒప్పందం.
అంతకన్నా తొక్కితే తెలుపు మిగలదు.
నా వంతు వచ్చింది.
పట్టీలు బిగించింది రోవెనా,
రోగికి కట్టు కట్టినంత నిదానంగా.

ఒకటి.
కరకరమంది.
రెండు. మునగలేదు.
మూడు. కింద పిందెలేమీ లేవని
తెలిసినా తల వంచి చూసుకున్నాను.
నాలుగు.
ఐదు కూడా వేశాను.
లెక్కపెడుతున్న రోవెనా
నా మొహం చూసి ఊరుకుంది.

గదికి వచ్చేసరికి
ఫ్లాస్కులో ముప్పావు నీళ్లే.
అడుగున తేలుతూ ఐదారు.
ఆశన్న మంచం దిగి లోపలికి తొంగి చూశాడు.
"ఇవేనా?"
"ఇవే."
ఒకటి నోట్లో వేసుకుని
పళ్లు జివ్వుమంటున్నా పటుక్కున కొరికాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత మిగిలిన నీళ్లు టీ గిన్నెలో వంపి
స్టవ్ వెలిగించి,
చక్కెర డబ్బా ఏడుందని అడిగాడు.