మళ్లీ జరిగే విధానం

టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సెక్కాలి.
ఎడమచేత్తో రాడ్డు,
కుడి బొటనవేలికి కాస్త వాన తడి.
మందుల ఆర్డరు తెరిచి
'చెల్లించు' నొక్కాలి,
సరిగ్గా వంతెన నీడలోకి దూరేటప్పుడు.

చక్రం తిరుగుతుంది. తిరుగుతూనే ఉంటుంది.
అప్పుడు వేలు తనంతట తనే
ఇంకోసారి నొక్కేస్తుంది.
డబ్బు రెండుసార్లు పోతుంది,
మందు ఒక్కసారీ రాదు.

"నా ఫోన్లో బాగానే ఉందే" అన్నాడు నిశ్చల్,
ఏసీ గదిలో, పొడి వేళ్లతో.
మూసేశాడు బగ్గుని.
తెరిచాను. మూసేశాడు.
మూడోసారి తెరిచి
వాణ్ణే బస్సెక్కించాను.

వంతెన కింద నేనేమీ అనలేదు.
చక్రం తిరుగుతోంది.
వాడి బొటనవేలు కదిలింది.

"ఎష్టు టికెట్?" అంటున్నాడు కండక్టరు.
తెర మీంచి కళ్లెత్తకుండా
"రెండు" అన్నాడు నిశ్చల్,
"రెండుసార్లు."