తడివాళ్ళు

మా పార్టీలో వాళ్ళకొక పేరు పెట్టారు, తడివాళ్ళని.
పెట్టినవాళ్ళు పొడివాళ్ళు.
నిప్పు పెడితే అంటుకోని కట్టెలనీ,
పొగ తప్ప సెగ లేదనీ.
ఉత్తరాల్లో ఆ మాట టైపు చేయాల్సి వచ్చినప్పుడల్లా
కొటేషన్ గుర్తులు పెట్టేదాన్ని,
కారే గొడుగుని గుమ్మం బయటే వదిలి
లోపలికి వచ్చినట్టు.

థ్రెల్‌ఫాల్ గారికి పద్నాలుగేళ్ళు సెక్రటరీని.
హోల్డెన్‌షాలో నూలు మిల్లు మూతబడిన ఏడాది
(పొగ ఆగింది, ఇక దుప్పట్లు తెల్లగా ఆరతాయని
సంబరపడింది ఊరందరిలో మా అత్త ఒక్కతే)
ప్రతి శనివారం పార్టీ క్లబ్బులో
బిలియర్డ్స్ బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు.
వరసలో సగం మంది మాకెప్పుడూ ఓటు వేయనివాళ్ళు.
ఐరీన్ క్లెగ్ గ్యాసు బిల్లు తెచ్చి పరిచింది.
మడతల దగ్గర చిరిగి ఉంది.
ఎన్నిసార్లు విప్పి చూసుకుందో!
ఆయనేమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
మా కోశాధికారి నా చెవిలో అన్నాడు:
"అదుగో, కారుతున్నాడు."

ఆ చలికాలమే భృతి కోసే బిల్లు వచ్చింది.
లండన్‌లో ఎవరిదో ఫ్లాటులో విందు, పదకొండు మంది.
చేప సరిగా ఉడకలేదని ఫోనులో చెప్పారు.
అందరూ "కాదు" గుమ్మంలోంచే నడుస్తామని
గ్లాసులెత్తి ఒట్టు వేసుకున్నారట.
మంగళవారానికి ఎనిమిది మంది.
ఒకాయనకి మంత్రి కుర్చీ వాసన తగిలింది.
ఒకాయన కూతురికి పెళ్ళి కుదిరింది.
ఇంకొకాయన సవరణ ఒకటి తెచ్చాడు,
పాము చావకుండా కర్ర విరగకుండా,
పాముకి కాస్త చలి పుట్టేలా.

ఉండబట్టలేక అడిగాను,
ఇంత కష్టమైతే బయటికి వచ్చేయొచ్చు కదా అని.
"ఇల్లు కారుతోందని ఇల్లు వదిలేస్తామా మ్యూరియెల్?
కింద బకెట్ పెట్టుకుంటాం."
ఎన్నాళ్ళని పారబోస్తారండీ, ఒకసారి పైకెక్కి చూడరా?
అనలేదు నేను.
అనాల్సింది.

గురువారం రాత్రి పదింటికి గంట మోగింది.
తలుపులు మూయడానికి ఎనిమిది నిమిషాలు.
ఒకాయన నడవాలో బూటు లేసు కట్టుకోవడానికి వంగి
ఆ ఎనిమిది నిమిషాలూ లేవలేదట.
ఒకాయన లైబ్రరీలో పాత పటమేదో చూస్తూ ఉండిపోయాడు.
మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా
"అవును"లోకి వెళ్ళారు.

మా పార్టీ నుంచి "కాదు"లోకి నడిచింది ఒకే ఒక్కరు:
ఐసొబెల్ ట్రెగెన్నా.
పొడివాళ్ళలోకెల్లా పొడి. విందుకి పిలవనే లేదు.
కారణం అడిగితే, జాలీ గీలీ కాదు,
బిల్లులో కూడిక తప్పుందని చెప్పి
టాక్సీ ఎక్కి వెళ్ళిపోయిందట.

శుక్రవారం మధ్యాహ్నం రైల్లో దిగారు.
కోటు భుజాలు నానిపోయి ఉన్నాయి.
"నేనూ 'అవును'లోకే వెళ్ళాను" అన్నారు.
కాసేపాగి,
"కానీ అందరికన్నా నెమ్మదిగా నడిచాను."

తడిగుడ్డతో కోస్తే
గొంతుకి తేడా తెలుస్తుందా?

ఆ రాత్రి రెండు వందల జవాబులు.
పేరు మార్చుకుంటూ అదే పేరా.
ఐరీన్ క్లెగ్ ఉత్తరం దగ్గర ఆగి
కిటికీ వైపు చూస్తూ అడిగారు:
"నెమ్మదిగా నడిచానని రాయొచ్చా?"
రాశాను. చదివి వినిపించాను.
"తీసెయ్" అన్నారు.
ఆ కాగితం లాగేసి ఇంకోటి ఎక్కించాను.

కార్బన్ మీద మాత్రం ఉండిపోయింది ఆ వాక్యం.
తిరగేసి
దీపానికి అడ్డుపెట్టి చూస్తే
ఇప్పటికీ చదవొచ్చు.