రెండు నోళ్ళు, ఇంకో రెండు

పొదలకూరు నిమ్మతోటలకి నీళ్ళు తోలే నా బండి
ఒకప్పుడు ఫైరింజను.
వేలానికి ముందే ఎవరో గంట పీక్కుపోయారు,
ఎర్రరంగు పీకలేకపోయారు.
ఎనిమిది సిలిండర్లు. పెట్రోలు తాగుతుంది, పని చెప్తే దగ్గుతుంది.
గట్టు కనపడితే చాలు, మోకాళ్ళు వంచేస్తుంది.

"దీనికి పెద్ద కార్బురేటర్ కావాల మామా" అన్నాను.
కాలేషా మామ నా పెదాల వైపే చూసి
"దీనికి కావాల్నా, నీకు కావాల్నా?" అన్నాడు.

గూడూరులో తెల్లారుజాము రైలెక్కి
మద్రాసు పుదుప్పేటకి పోయాం.
గోనెపట్టా మీద నాలుగు నోళ్ళవి మూడున్నాయి.
పెద్దదాని మీద నేను చెయ్యేశాను.
మామ ఒక్కోదాని ఇరుసు పట్టుకుని ఆడించి,
లోపలికి ఊది, వాసన చూసి,
అన్నిటికంటే చిన్నది సంచిలో వేశాడు.

"నోరు పెద్దదైతే ఊపిరి పెరగదమ్మణ్ణీ.
రొమ్ము ఎంతుంటే అంతే గాలి.
దోవ మరీ వెడల్పయితే గాలి తీరుబడిగా నడస్తది,
తీరుబడిగా నడిచే గాలి
చుక్కని ఎత్తుకోని పోదు."

లేతులో అర అంగుళం పలక కోయించి
రెండు కన్నాల మానిఫోల్డు మీద నాలుగు కూర్చోబెట్టాం.
జెట్లు విప్పాడు: ఆవగింజ కూడా దూరని కన్నాలు,
ఇనప తీగ తగలనీడు, చీపురుపుల్లతోనే.
ఇత్తడి ఫ్లోటుని నా చెవి దగ్గర ఊపి
"లోపల చుక్క కదలతా ఉందా?" అని అడిగాడు.

తన చెవి దగ్గర ఎందుకు ఊపుకోలేదు?

అప్పుడు చెప్పాడు.
కుడిది పోయి పదేళ్ళు.
ఎడమది మొన్న ఎండాకాలం.
"షెడ్డు కాడ ఎవరికీ చెప్పబాక.
చెవుల్లేని మేస్త్రీకి ఇంజనెవరిస్తారు."

ఆ పైటాల ఇంజను వేడెక్కినాక
దాని నెత్తిన స్టీలు గ్లాసు పెట్టి, సగానికి నీళ్ళు పోశాడు.
రెండు స్క్రూలు మెత్తగా మూసి
ఒకటిన్నర చుట్టు వెనక్కి.
ఎడమది కొంచెం లోపలికి తిప్పితే
గ్లాసులో నీళ్ళు గజగజ.
కొంచెం బయటికి తిప్పితే
అంచు దాకా వచ్చి సర్దుకునే వలయాలు.
కుడిదీ అంతే.
మళ్ళీ ఎడమది. మళ్ళీ కుడిది.
చివరికి ఎనిమిది మంది ఒకే దుప్పట్లో నిద్రపోయినట్టు
నీళ్ళ మీద ఒకటే సన్నటి వణుకు.
"ఇది కళ్ళతో అయ్యే పని" అన్నాడు.
"కొండెక్కేటప్పుడు గ్లాసు నిలవదు. ఆడ నువ్వే వినాల."

ట్యాంకు నిండా నీళ్ళతో కండలేరు కట్ట ఎక్కాం.
మామ పక్కన కూర్చుని డాష్‌బోర్డు మీద అరిచెయ్యి ఆనించాడు.
రెండు నోళ్ళతో సగం దూరం.
యాక్సిలేటర్ అడుగు దాకా తొక్కాను.
ఇంజను ఒక గుటక మింగి
ఆగిపోబోయి
తర్వాత తెరిచింది మిగిలిన రెండూ.

"ఎట్టుంది?"
గొంతు సవరించుకున్నట్టుందన్నాను.
కాదని తలూపాడు.
గుడ్డ చించినట్టు.
కాదు.
ఎవరో పక్కగదిలోంచి ఒక్కసారిగా పలికినట్టు.
కాసేపు ఏమీ అనలేదు.
"పలకడానికి ముందు తడబడిందా?"
తడబడింది మామా, ఒక్క గుటక.

కట్ట మీదే ఆపించాడు.
బానెట్ కింద తలపెట్టి
మూత విప్పి, సన్నటి స్ప్రింగు తీసి,
రొంటిన కాయితంలో చుట్టిన ఇంకో స్ప్రింగు పెట్టాడు,
అంతకంటే ఒక్క పిసరు గట్టిది.
"తొందరపడతా ఉండాయి ఆ రెండూ. ఆకలి కాకముందే నోరు తెరస్తన్నాయి."

ప్లగ్గు విప్పి చూపించాడు, ఇటుకపొడి రంగు.
నల్లగా లేదు, తెల్లగానూ లేదు.
లీటరుకి మూడు కిలోమీటర్లకి ఒక్క అడుగు కూడా ఎక్కువ రాదని
ముందే చెప్పాడు గదా, అదీ అంతే.

"తిప్పు బండి," అన్నాడు, "దిగి మళ్ళీ ఎక్కుదాం.
ఈసారి కళ్ళు రోడ్డు మీద పెట్టి
చెవులు నాకియ్యి."