జీడిపిక్క

ఎవరికీ చెప్పొద్దు గానీ
నా ఫోన్లో ఒక మృగం ఉంది.
ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన పేరుకి నాకు నోరు తిరగదు.
నేను పెట్టుకున్న పేరు జీడిపిక్క.

వేగం ఐదు.
దాడి పన్నెండు.
కవచం గీత మాత్రం తెరంతా పాకి
పగిలిన అద్దం చీలికలోకి దూరిపోతుంది.

పన్నెండున్నరకి పలాసలో మా ఫ్యాక్టరీ ఈల వేస్తుంది.
కారియర్లు విప్పుకునే ఆ అరగంటలోనే
లోడింగు ఢిల్లేశు తన నిప్పుడేగని ఎగరేసుకుంటూ వస్తాడు.
"రాయే, మసి సేసెత్తాను."

వాడి డేగ రెండుసార్లు కొట్టాక గానీ
నా జీడిపిక్కకి కదలాలని తోచదు.
కదిలి ఏం చేస్తుంది?
ముడుచుకుంటుంది.
మళ్ళీ డేగ. మళ్ళీ ముడుచుకోవడం.
తెర అడుగున అక్షరాలు: దెబ్బ మూడు. దెబ్బ రెండు. దెబ్బ రెండు.

"ఇదేటి ఆటే? కొట్టవేటి?"
"కొట్టను."
"మరెందుకొచ్చినావు?"
"అన్నం తినడానికి."
ఎడంచేత్తో ఒక నొక్కు, కుడిచేత్తో ఒక ముద్ద.
చారన్నం ఇక్కడ చల్లారదు, షెడ్డు వేడికి.

మొదట్లో నాకూ వేగమే కావాలనిపించేది.
మెరుపుపిల్లి ఒకటుండేది, ఆరు నెలలు మేపాను.
ఒక్క దెబ్బకి పడేసేది,
ఒక్క దెబ్బకి పడిపోయేది.
తిత్లీ రాత్రి మా అరెకరంలో పదిహేడు చెట్లు
వేళ్ళతో సహా లేచిపోయాయి.
నేలని కరుచుకుని పడుకున్నట్టుండే పొట్టిదొకటి మిగిలింది.
దాన్ని చూసి నేర్చుకున్నానని చెప్తే బావుండును.
అబద్ధం.
జీడిపిక్క నాకు పండగ ఆఫర్లో ఊరికే వచ్చింది,
ఎవరూ పెంచని రకమని.

దానికి ఒక గుణం ఉంది.
వివరాల పేజీలో ఆఖరి వరుస, చీమతలకాయంత అక్షరాలు:
ముట్టుకున్నవాడికి కాస్త మంట అంటుకుంటుంది.
కాస్తే.
కానీ వంతు వంతుకీ.
ఢిల్లేశు అంత కిందిదాకా చదవడు.

మా అమ్మకి చదవడం రాదు.
పక్కనే కూర్చుని వేళ్ళకి బూడిద రాసుకుంటోంది.
ఇరవై రెండేళ్ళుగా పిక్కలు కొట్టిన చేతులు.
జీడి కారి, బొబ్బలెక్కి, ఊడి, మళ్ళీ ఎక్కి
వేలిముద్రలు చెరిగిపోయాయి.
రేషన్ మిషను ఆవిణ్ణి ఎవరో అనుకుంటుంది,
మూడోసారి నొక్కితే గానీ బియ్యం ఇవ్వదు.

నా భుజం మీంచి తెరలోకి తొంగి చూసింది.
"ఆ గెద్దకేటయింది, రెక్క నల్లబడిపోతంది?"
"మంటమ్మా. దీన్ని కొట్టినోళ్ళకి అంటుకుంటాది."
"ఊఁ."
కాసేపు చూసింది.
"పిక్క గదా. ఊరికే ఇచ్చెత్తాదేటి పప్పు."

ముప్పై ఒకటో వంతు.
డేగకి ఊపిరి పిడికెడు మిగిలింది.
ఢిల్లేశు నుదుటి మీద చెమట.
"ఎనభై కిలోల బస్తా ఎత్తినా ఇంత అలుపు రాదే నాకు,
ఒక్కసారి కొట్టవే, చచ్చిపోతాను,
గొడవ ఒగ్గిపోద్ది."
నవ్వొచ్చి చారు పొరబోయింది.
అమ్మ వీపు మీద తట్టింది, బూడిద చేత్తోనే.

ఈల.
మేస్త్రీ గొంతు.
ఆట మధ్యలో ఎవరు ముందు వదిలేస్తే వాళ్ళు ఓడినట్టు,
అందుకని ఇద్దరమూ వదల్లేదు,
రెండు మృగాలూ ఎదురెదురుగా అలాగే ఉండగా
వాడు లారీ దగ్గరికి, అమ్మ కటింగు మిషను దగ్గరికి,
నేను టోపీ పెట్టుకుని గ్రేడింగు బల్ల దగ్గరికి.

నా బల్ల మీదికి వచ్చేసరికి వాటికి పెంకు ఉండదు.
పొర కూడా ఉండదు.
తెల్లగా, ఒంపుగా, బొటనవేలితో నొక్కితే విరిగిపోయేట్టు.
గుండ్లు ఇటు. బద్దలు అటు.
నూక కింద బుట్టలోకి.

ఏప్రాన్ జేబులో ఫోను ఒకసారి వణికింది.
వాడు లారీ ఎక్కే ముందు కొట్టేసుంటాడు.
దెబ్బ రెండో, మూడో.
ఇప్పుడు నా వంతు.

ఉండనీ.