ఉప్పునీళ్ళ వెలుగు

నూకరాజు మాస్టారంటే చించినాడ దాకా తెలుసు గానీ
ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు.
కాలవ లాకు దగ్గర ఉద్యోగం.
పడవొస్తే చక్రం తిప్పడం, పోతే మళ్ళీ తిప్పడం.
మీది నీళ్ళూ కింది నీళ్ళూ ఒక మట్టానికి వచ్చేదాకా
తలుపు తియ్యడు.
సరంగు తిట్టనీ, కొబ్బరికాయల షావుకారు గడియారం చూపించనీ,
బీడీ ముట్టించుకుని
నీళ్ళకేసి చూస్తా కూచునేవాడు.

నాకు మాట్లాడ్డం అక్కడే నేర్పాడు.
"అవతలోడి మాట నీలోకి దిగాలమ్మాయ్.
మట్టం సమం అవ్వాలి.
అప్పుడు తియ్యి నోరు."

నేను రాజమండ్రి నించి బస్సులో వచ్చే ఆడవేషాన్ని.
రాత్రికి నూటయాభై, రానూపోనూ చార్జీలు.
ఒకే వారంలో ముగ్గురికి పెళ్ళాన్ని, ఇద్దరికి తల్లిని,
తణుకులో ఒకడికి శవాన్ని.
అందరూ ఏడుపు ఎక్కడ మొదలెట్టాలో చెప్పేవారు.
ఈయనొక్కడే చేతులెక్కడ పెట్టుకోవాలో చెప్పాడు.
"కొడుకు పోయిన తల్లి
చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరతాది.
రాళ్ళు లేకపోయినా ఏరతాది.
ఏడుపు సంగతి నీకెందుకు, అదే వత్తాది."

పాలకొల్లులో రైసుమిల్లు వెనక, ఊక గోదాములో రిహార్సళ్ళు.
నేల మీద ముగ్గుపిండితో గుమ్మం గీసేవాడు, కిటికీ గీసేవాడు.
గీత తొక్కామా, అయిపోయామే.
"గోడలోంచి వచ్చేవేంటి తల్లీ, దెయ్యానివా?"
ముక్కుల్లో ఊక దుమ్ము, మూడో అంకానికల్లా
నాయకుడికీ విలనుకీ ఒకే జలుబు.

డిమ్మర్లు అద్దెకి తెచ్చే తాహతు లేదు.
రెండు కుండలు, వాటినిండా ఉప్పునీళ్ళు,
పురికొసకి కట్టిన రేకుముక్క.
రేకు దిగేకొద్దీ మా మొహాల మీద తెల్లారేది.
పైకి లాగితే పొద్దుగూకేది.
ఉప్పెక్కువైతే ఫ్యూజు, తక్కువైతే అమావాస్య.
కుండ సలసలా కాగుతుంటే
తెర పక్కన గొంతుక్కూచుని, బొబ్బలెక్కిన వేళ్ళతో
ఆయన సాయంత్రాన్ని కొంచెం కొంచెంగా దింపేవాడు.

ఉత్తమ దర్శకుడని రెండుసార్లు మైకులో పిలిచారు.
రెండుసార్లూ సెట్టు తాళ్ళు విప్పుతున్నాడు,
ట్రాక్టరువాడు రెండో రోజు అద్దె అడుగుతాడని.
ప్రాంప్టరు బుల్లియ్య వెళ్ళి అందుకున్నాడు.
ఒక షీల్డు ఇప్పటికీ వాళ్ళింట్లో
పాలగిన్నె మీద మూత.

పెనుగొండ పోటీల రాత్రి
సిద్ధాంతం వంతెన మీద నా బస్సు ఆగిపోయింది.
లారీ ఎక్కి, పరిగెత్తి, రొప్పుతూ తెర పక్కకి చేరేసరికి
నా వేషంలో మంగాయమ్మ గారు.
ఆయన భార్య.
రిహార్సళ్ళకి టీ తెచ్చే మనిషి.
చేటలో బియ్యం ఏరుతోంది.

నేను నేర్చుకున్న చేతులు
ఎవరివో అప్పుడు తెలిసింది.

మూడేళ్ళ పిల్లాడుండేవాడని
బుల్లియ్య నా చెవిలో అన్నాడు,
ప్రాంప్టు చెప్పినంత మెల్లగా.
లాకు దగ్గరే, అన్నాడు.

కుండల వైపు చూశాను.
ఇన్నేళ్ళలో ఎన్నడూ వణకని వెలుగు
ఆ సీనంతా వణికింది.
న్యాయనిర్ణేతలు లైటింగులో మార్కులు కోసేశారు.

మొన్న భాద్రపదంలో మాస్టారు పోయారు.
పరిషత్తులవాళ్ళు, పాత నటులు,
అందరూ వాకిట్లో నడిమధ్య మూగారు.
బుల్లియ్యే కసిరాడు:
"రెండడుగులు పక్కకి జరగండెహె.
మనిషి కనబడాలి!"
అందరం జరిగాం. బాగా అలవాటైన పనే.

కర్మ అయ్యాక మంగాయమ్మ గారు
నన్ను లాకు దాకా తీసుకెళ్ళింది.
పడవలు మానేసి ఎన్నాళ్ళయిందో,
చక్రం తుప్పు పట్టి, పళ్ళ మధ్య గుర్రపుడెక్క.
"పెనుగొండలో ఆ రోజు
నేను బాగా చేశానా అమ్మాయ్?
ఆయనేం చెప్పలేదు.
నేనూ అడగలేదు."

నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని
నీళ్ళకేసి చూస్తా నుంచున్నాను.
ఆవిడ తొందరపెట్టలేదు.