తాలు

మిర్చి యార్డులో పద్దెనిమిదేళ్లుగా కాటా వేస్తున్నాను.
టిక్కీ మోసే ముఠావాడి మోకాళ్లు చూసి
నలభై కిలోలు దాటిందో లేదో చెబుతాను.
ఇంట్లో కుక్క బరువు మాత్రం
ఏడాదిపాటు నా కంట పడలేదు.

దాని పేరు తాలు.
తేజ కాయల కుప్పల మధ్య
పాలిపోయిన రంగులో దొరికిందని
ఏరి పారేసే కాయ పేరే పెట్టింది కరుణమ్మ,
తొడిమలు తీసే వేళ్లు చీరకి తుడుచుకుని
దాని చెవులు నిమురుతూ.

మొదట మెట్లు మరిచిపోయింది.
తర్వాత గేటు చప్పుడు.
పాలబండి వస్తే తలెత్తేది, లేచేది కాదు.
ముసలిదైంది అన్నాం. దానికప్పటికి ఆరేళ్లు.
తిండెక్కువైంది అన్నాం, గిన్నెలో సగం తీసేశాం.
సగం తిని కూడా ఊరుతూనే ఉంటే
దొంగచాటుగా పెడుతోందని
పక్కింటి ఇమాంబీతో తగువు పడ్డాం.

తోక ఎలుక తోకలా బోసిపోయింది.
రెండు డొక్కల్లోనూ
అద్దంలో చూసి గీసినట్టు ఒకే కొలతలో బొచ్చు రాలింది.
గోకదు. దురదే లేదు.
కింద చర్మం పొయ్యి గోడలా నల్లబడింది.
గజ్జి అన్నారు. వేపనూనె రాశాను, గంధకం రాశాను,
ఇల్లంతా కంపు కొట్టింది. కుక్క మారలేదు.

ఏప్రిల్ నెలాఖరు.
చుట్టుగుంటలో తారు చెప్పుకి అంటుకుంటోంది.
వీధికుక్కలన్నీ మురుక్కాల్వలో పొట్టదాకా దిగి కూర్చుంటే
తాలు వెతుక్కుంటూ పోయి
ఎండ పడ్డ గచ్చు మీద ముడుచుకుంది.
గుంటూరు ఎండలో చలి!

రాహేలు గుమ్మంలో నిలబడి చూసింది.
"నాకూ ఇట్టాగే ఉండేది.
మీరు బద్ధకం అన్నారు."
అంతే. లోపలికెళ్లిపోయింది.
కాటా రాయి కాలి మీద పడ్డట్టయింది నాకు.

డాక్టర్ హిమజ గుండె మీద గొట్టం పెట్టి
చాలాసేపు గడియారం చూసింది.
నెమ్మదిగా కొడుతోంది అంది.
చూసి చెప్పేది కాదు, నెత్తురు చెప్పాలి అంది.
నెత్తురు రెండంకెలు చెప్పింది:
ఒకటి పాతాళంలో, ఒకటి అటక మీద.
తలలోంచి పిలిచేది గొంతు చించుకుంటోంది,
మెడలో థైరాయిడు మాత్రం పలకడం లేదు.

రాహేలు మాత్ర యాభై. దీనికి పూటకి ఆరొందలు.
"నాకంటే దానికే ఎక్కువా!" నవ్వింది.
కుక్క ఒళ్లు మందుని తొందరగా ఖర్చు పెడుతుందట.
మీ డబ్బాలోవి లెక్కేసి వేయొద్దని
డాక్టరు రెండుసార్లు చెప్పింది.

పొద్దున ఆరు, సాయంత్రం ఆరు,
గిన్నె పెట్టడానికి గంట ముందు,
నాలుక వెనక్కి నెట్టి, గొంతు నిమిరి.
పదో రోజు పాలబండికి లేచి నిలబడింది.
బొచ్చు మాత్రం ఇంకాస్త రాలింది, భయపడ్డాను.
పాతది పోనీండి, నెలలు పడుతుంది అంది డాక్టరు.
ఆరో వారం, మాత్ర వేసిన ఐదు గంటలకి మళ్లీ నెత్తురు.
అప్పటికే రాత్రంతా రొప్పుతూ ఇల్లు తిరుగుతోంది,
బకెట్లకి బకెట్లు తాగుతోంది.
మందు ఎక్కువైంది. నూరు తగ్గించింది.

ఆదివారం, ఎవరూ లేని యార్డులో
తాలుని కాటా ఎక్కించాను.
ముప్పై ఎనిమిది పోయి ముప్పై ఒకటి.
కుదురుగా నిలబడదు, ముల్లూ నిలబడదు.
తగ్గిపోయినట్టేనా అని కరుణమ్మ అడిగింది.
తగ్గేది కాదు, బతికినన్నాళ్లూ వేయాలన్నాను.
"మరి బతుకుద్దిగా" అంది.

గోడ మీద క్యాలెండర్లో
తారీఖు పక్కన రెండు గళ్లు గీసుకున్నాను,
పొద్దున ఒక టిక్కు, సాయంత్రం ఒక టిక్కు.
తొమ్మిదేళ్లుగా రాహేలు మాత్ర వేసుకుంటోంది.
ఏ పొద్దునా నేను అడగలేదు.
నిన్న మూడో గడి గీశాను.
ఆమె చూసింది, ఏమీ అనలేదు.
ఇవాళ లేచేసరికి
అందులో టిక్కు ఉంది,
బొగ్గుతో.